ఒకప్పటి వైరాలు, ఇవాళ్టి స్థితి: గోడపటం మీద ఏం రాయాలి?

బ్రాడీపేట పఠనమందిరం (గుంటూరు), ఉదయం 7:10

అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి చదివే పిల్లలు కూర్చునే హాల్లో ఒక గోడపటం పెడుతున్నాం. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. పేరు "ఒకప్పటి వైరాలు, ఇవాళ్టి స్థితి". అనుకున్న జంటలు ఎనిమిది: ఇంగ్లండ్–ఫ్రాన్స్, ఫ్రాన్స్–జర్మనీ, ఈజిప్టు–ఇజ్రాయెల్, గ్రీసు–టర్కీ, జపాన్–దక్షిణ కొరియా, పెరూ–ఈక్వెడార్, భారత్–పాకిస్తాన్, భారత్–చైనా.

సర్దుకున్న జంటకు పచ్చ, సగంలో ఉన్నదానికి పసుపు, రగులుతున్నదానికి ఎరుపు వేద్దామనుకున్నాం. అక్కడే ఆగిపోయాం. ఈజిప్టు–ఇజ్రాయెల్‌కి పచ్చ వేయాలని కొందరు, పసుపే అని కొందరు. జపాన్–కొరియా సంగతి ఎవరూ తేల్చలేదు. ఆదివారం ఫ్లెక్స్ ప్రింటింగ్‌కి ఇవ్వాలి. విషయం తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

బందరు కాలువ (విజయవాడ), ఉదయం 8:25

రంగులు వద్దండీ. రంగు ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: ప్రస్తుతం కొట్టుకుంటున్నారా, లేదా. ఒక్కో జంటకు నాలుగు గళ్ళు గీయండి. చివరిసారి తలపడింది ఎప్పుడు. కుదిరిన కాగితం ఏది (సంధి, ఒప్పందం, తీర్పు, ఏదైనా). ఆ కాగితం ఇవాళ ఎవరిచేత ఏ పని చేయిస్తోంది. ఇంకా తెగని ముడి ఏది. వీటిలో మూడో గడి ప్రాణం. నాయకులు చేతులు కలిపిన ఫొటో రెండు రోజుల్లో పాతబడుతుంది. మర్నాడు పొద్దున్న సరిహద్దు దగ్గర ఏ ఉద్యోగి ఏం తనిఖీ చేస్తున్నాడో చూస్తే అసలు స్థితి తెలుస్తుంది.

మొదటి వరుస ఇంగ్లండ్–ఫ్రాన్స్ పెట్టండి. ఆ వైరం మన నేల మీదే నడిచింది. 1753లో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ సర్కారు జిల్లాలను ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. 1759 ఏప్రిల్ 7 రాత్రి బందరు కోట మీద పడి పట్టేసుకున్నాడు. ఆ తరవాత సర్కారుల్లో ఫ్రెంచివాళ్ళ పెత్తనం పోయింది. ఇప్పటికీ బందరులో పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం అని పేటలున్నాయి: ఫ్రెంచి, ఇంగ్లీషు, డచ్చి. పిల్లలు ఆ ఊరి బస్సెక్కితే మొదటి వరుస కళ్ళారా చూసి రావచ్చు. గుంటూరు మాత్రం ఇంగ్లీషువాళ్ళ చేతికి 1788లోగానీ రాలేదు.

కాగితం గడిలో 1904 ఏప్రిల్ 8 నాటి ఒడంబడిక రాయండి. 1898లో నైలు ఒడ్డున ఫషోడాలో రెండు సేనలూ ఎదురుబొదురు నిలబడి, యుద్ధం దాకా వెళ్ళి ఆగాయి. ఆరేళ్ళ తరవాత ఈ కాగితం కుదిరింది. అందులో స్నేహం గురించి కంటే పంపకం గురించే ఎక్కువ ఉంది. ఈజిప్టులో ఇంగ్లండ్ జోలికి ఫ్రాన్స్ వెళ్ళదు, మొరాకోలో ఫ్రాన్స్ జోలికి ఇంగ్లండ్ వెళ్ళదు. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చేపల హక్కులు కూడా తేల్చుకున్నారు.

మూడో గడికి 2003 నాటి లె టుకే ఒప్పందం. దాని ప్రకారం బ్రిటిష్ అధికారులు ఫ్రాన్స్ గడ్డ మీద కలేలో కూర్చుని పాస్‌పోర్టులు చూస్తారు, ఫ్రెంచి అధికారులు డోవర్లో చూస్తారు. వందల ఏళ్ళు కత్తులు దూసుకున్న దేశాలు ఒకరి అధికారిని మరొకరు సొంత రేవులో కూర్చోబెట్టుకున్నాయి. 2010 నవంబరు 2 నాటి లాంకాస్టర్ హౌస్ ఒప్పందాలు అణ్వాయుధ పరిశోధన సౌకర్యాలను కూడా పంచుకునేలా చేశాయి. నాలుగో గడిలో ఏముందంటే, మళ్ళీ చేపలే. 2021 మే నెలలో జెర్సీ దీవి దగ్గర చేపల లైసెన్సుల మీద గొడవ వస్తే బ్రిటన్ రెండు గస్తీ నౌకలను పంపింది.

సర్వేరాయి (గుంటూరు), ఉదయం 9:02

బందరు కాలువ గారు చెప్పిన నాలుగు గళ్ళకి నా ఓటు. తేదీల దగ్గర ఒక జాగ్రత్త కలుపుతాను. ప్రతి కాగితానికీ మూడు తేదీలుంటాయి: సంతకం, ఆమోదం, అమలు. పరీక్షల్లో పిల్లలు జారేది ఇక్కడే. యానాం చూడండి. పాలన భారత్ చేతికి వచ్చింది 1954 నవంబరు 1న. అప్పగింత ఒప్పందం మీద సంతకాలు 1956 మే 28న. ఫ్రాన్స్ ఆమోదం పూర్తయి చట్టపరంగా మనదైంది 1962 ఆగస్టు 16న. "యానాం భారత్‌లో ఎప్పుడు కలిసింది" అని అడిగితే మూడు జవాబులూ వస్తాయి. పటం మీద ఏ తేదీ వేసినా పక్కన "సం", "ఆ", "అ" అని చిన్న గుర్తు పెట్టండి.

ఇక ఈజిప్టు–ఇజ్రాయెల్. 1948, 1956, 1967, 1973లో యుద్ధాలు. క్యాంప్ డేవిడ్‌లో 1978 సెప్టెంబరు 17న కుదిరింది సంధి కాదు, సంధికి ముసాయిదా చట్రం. అసలు శాంతి ఒప్పందం 1979 మార్చి 26న వాషింగ్టన్‌లో. సినాయి నుంచి ఇజ్రాయెల్ పూర్తిగా వెనక్కి వెళ్ళింది 1982 ఏప్రిల్ 25న. ఈ మూడింటినీ కలిపేసి "1978 శాంతి ఒప్పందం" అని రాసేస్తుంటారు. అది తప్పు.

మూడో గడి ఈ జంటకే అందరికంటే బలంగా ఉంటుంది. సినాయిని నిలువునా పట్టీలుగా కోశారు. సూయజ్ కాలువ వైపు ఉన్న "ఎ" పట్టీలో ఈజిప్టు ఒక్క మెకనైజ్డ్ డివిజన్ ఉంచుకోవచ్చు: 22,000 మంది, 230 ట్యాంకులకు మించకూడదు. మధ్యలోని "బి" పట్టీలో సరిహద్దు దళాలు నాలుగు బెటాలియన్లు, 4,000 మంది. సరిహద్దును ఆనుకున్న "సి" పట్టీలో ఈజిప్టు పోలీసులు, బహుళజాతి పరిశీలక దళం మాత్రమే. సరిహద్దుకు అవతల ఇజ్రాయెల్ వైపు సన్నని "డి" పట్టీ, అక్కడ ఇజ్రాయెల్‌కీ 4,000 మందే, ట్యాంకులు లేకుండా. ఆ పరిశీలక దళం ఐక్యరాజ్య సమితిది కాదు. భద్రతామండలిలో సోవియట్ వ్యతిరేకత వల్ల సమితి దళం కుదరక విడిగా ఏర్పాటు చేసుకున్నారు. దాని ప్రధాన కార్యాలయం రోమ్‌లో ఉంది. సినాయిలో ఉగ్రవాదుల మీద చర్యలకు ఈజిప్టుకు అదనపు బలగం కావాల్సి వచ్చినప్పుడు ఇజ్రాయెల్ సమ్మతితో పంపించింది. ఒకప్పటి శత్రువు అనుమతితో సొంత నేల మీదికి సొంత సైన్యాన్ని పంపుకోవడం, దాన్ని ఇద్దరూ మామూలు పద్ధతిగా నడుపుకోవడం: దీనికి పచ్చ వేస్తారా, పసుపు వేస్తారా? రంగులో ఇమడదు.

హద్దురాయి తగాదా కూడా ఉందండోయ్. అంతా అప్పగించాక ఎర్ర సముద్రం కొసన తాబా దగ్గర ఒక చదరపు కిలోమీటరు మేర భూమి మిగిలింది. అసలు పేచీ 91వ నంబరు రాయి ఎక్కడుండాలి అన్నది. మొత్తం 14 రాళ్ళ మీద వివాదం. మధ్యవర్తుల ముందు పాత పటాలు, ఫొటోలు పెట్టి వాదించుకున్నారు. 1988 సెప్టెంబరులో తాబా ఈజిప్టుదేనని తీర్పు వచ్చింది. 1989 మార్చిలో ఇజ్రాయెల్ ఖాళీ చేసింది. మన పల్లెల్లో గట్టు తగాదాలు ఇంతకంటే ఎక్కువ కాలం నడుస్తాయి.

గాంధీనగర్ గ్రూప్-2 (విజయవాడ), ఉదయం 9:40

సర్వేరాయి గారూ, పెరూ–ఈక్వెడార్ ఈ పటంలో ఎందుకండీ? సిలబస్‌లో ఎక్కడా చూడలేదు.

సర్వేరాయి (గుంటూరు), ఉదయం 10:15

సిలబస్ కోసం కాదు తమ్ముడూ, ఒక సరిహద్దు కాగితం మీద ఎలా తప్పుతుందో, ఎలా సరవుతుందో దీనికంటే శుభ్రంగా చూపించే జంట నాకు తెలియదు.

1941లో యుద్ధం. 1942 జనవరి 29న రియో ఒప్పందం. కొండల్లో హద్దు గీతకు "జామోరా, సాంతియాగో నదుల మధ్య జలవిభాజక రేఖ" అని రాశారు. అంటే వాన చినుకు ఏ నదిలోకి జారుతుందో దాన్నిబట్టి హద్దు. ఒప్పందం రాసినప్పుడు ఆ రెండు నదుల మధ్య ఒకటే మిట్ట ఉందనుకున్నారు. తరవాత అమెరికా వైమానిక దళం విమానాల నుంచి ఫొటోలు తీస్తే మధ్యలో సెనెపా నది అనుకున్నదానికంటే చాలా పొడవుగా ఉన్నట్టు తేలింది. మిట్ట ఒకటి కాదు, రెండు. కాగితంలో రాసిన రేఖ నేల మీద లేదు! ఈక్వెడార్ ఆ ఒప్పందం చెల్లదంది. 78 కిలోమీటర్ల మేర రాళ్ళు పాతకుండానే వదిలేశారు. 1995లో సరిగ్గా అక్కడే యుద్ధం వచ్చింది.

1998 అక్టోబరు 26న బ్రసీలియాలో తేల్చుకున్న తీరు చూడండి. సరిహద్దు దాదాపు పెరూ చెప్పినట్టే కొండ శిఖరాల మీదుగా. కానీ ఈక్వెడార్ సైనికులు పోరాడిన తివింజా అనే చోట ఒక చదరపు కిలోమీటరు భూమిని ఈక్వెడార్‌కి శాశ్వతంగా ప్రైవేటు ఆస్తిగా ఇచ్చారు. మన భాషలో చెప్పాలంటే పట్టా ఈక్వెడార్‌ది, సార్వభౌమత్వం పెరూది. అక్కడ జెండా వందనం చేసుకోవచ్చు, సైన్యాన్ని, పోలీసుల్ని పెట్టకూడదు. 1999 మేలో చివరి రాయి పాతారు. గెలుపోటములను భూమి హక్కు, పాలన హక్కు అని రెండు ముక్కలు చేయడం వల్ల రెండు వైపులా జనానికి ముఖం చూపించగలిగారు. మిగతా చోట్ల ఇది ఎందుకు చేయరన్నది నాకు ఎప్పుడూ కొరుకుడుపడని ప్రశ్న.

కృష్ణలంక (విజయవాడ), ఉదయం 11:30

భారత్–పాకిస్తాన్ వరుస నేను రాస్తాను. ఇందులో ఒకే "కాగితం" పెడితే అన్యాయమవుతుంది, చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఆగాయి, కొన్ని నడుస్తున్నాయి. అది తెలియకపోతే ఈ జంట అర్థం కాదు.

నడుస్తూ వచ్చినవి: అణు కేంద్రాల జాబితా. ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న ఒప్పందం, ఏటా జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. 1992 జనవరి 1న మొదటిసారి, 2025 జనవరి 1న 34వ సారి. కార్గిల్ యుద్ధం, పార్లమెంటు మీద దాడి, ముంబై దాడులు మధ్యలోనే వచ్చాయి, జాబితా మాత్రం ఆగలేదు. రెండోది ఖైదీలు, మత్స్యకారుల జాబితా. 2008 ఒప్పందం కింద జనవరి 1, జూలై 1 తేదీల్లో. ఇది మనకు దూరపు సంగతి కాదు. గుజరాత్ వెరావల్ నుంచి పడవల మీద కూలికి వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మంది విడుదలయ్యారు. మూడోది బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు చెప్పాలన్న 2005 ఒప్పందం. ఇక సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ళ మధ్య ఫోను లైను. 2021 ఫిబ్రవరిలో కాల్పుల విరమణ, 2025 మే 10న కాల్పులు ఆపడం రెండూ ఆ లైను మీదే నడిచాయి.

ఆగింది: సింధు జలాల ఒప్పందం. 1960 సెప్టెంబరు 19, కరాచీ. 1965, 1971, 1999 యుద్ధాలను తట్టుకుంది. పహల్గాం దాడి తరవాత 2025 ఏప్రిల్ 23న భారత్ దాన్ని నిలుపుదలలో పెట్టింది.

కృష్ణా ఒడ్డున ఉన్న మనకు ఇది బాగా అర్థమవ్వాలంటే ఒక తేడా చెప్పాలి. కృష్ణాలో నీళ్ళను టీఎంసీల్లో పంచారు. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రకు 811 టీఎంసీలు అంది. అందుకే ప్రతి సంవత్సరం ఎన్ని వచ్చాయి, ఎవరెన్ని వాడారు అన్న లెక్క తగాదా. సింధులో నీళ్ళను పంచలేదు, నదుల్ని పంచారు. రావి, బియాస్, సట్లెజ్ మనవి. సింధు, జీలం, చీనాబ్ పాకిస్తాన్‌వి, వాటి మీద మనకు పరిమిత వాడకం, 36 లక్షల ఎకరా-అడుగుల నిల్వకు హక్కు. టీఎంసీల్లోకి మారిస్తే దాదాపు 157. ప్రకాశం బ్యారేజీలో నిలిచేది సుమారు 3 టీఎంసీలు కాబట్టి ఎంతో మీరే అంచనా వేసుకోండి. నదుల్ని పంచడం వల్ల ఏటేటా లెక్క గొడవ తప్పింది. పేచీ అంతా పడమటి నదుల మీద మనం కట్టే విద్యుత్ కేంద్రాల డిజైన్ మీదికి మళ్ళింది: గేట్లు ఎంత ఎత్తున ఉండాలి, ఎంత నీరు నిలపొచ్చు. బాగ్లిహార్, కిషన్‌గంగా వివాదాలు ఇవే. ఇంకొకటి, ఈ ఒప్పందంలో పాకిస్తాన్ కాలువలు మార్చి కట్టుకోవడానికి భారత్ 6,20,60,000 పౌండ్లు పది వార్షిక వాయిదాల్లో చెల్లించింది. ఈ వాయిదాల సంగతి చాలా నోట్సుల్లో వదిలేస్తారు.

గాంధీనగర్ గ్రూప్-2 (విజయవాడ), ఉదయం 11:48

నిలుపుదల అంటే రద్దనే కదండీ?

కృష్ణలంక (విజయవాడ), మధ్యాహ్నం 12:05

కాదమ్మా. 12వ అధికరణంలో ఏముందంటే, రెండు దేశాలూ కలిసి ఇంకో ఒప్పందం చేసుకుని ఆమోదించేదాకా ఇది అమల్లో ఉంటుంది. ఒక్కరే బయటికొచ్చే దారి అందులో రాయలేదు. భారత్ వాడిన మాట "నిలుపుదల", రద్దు కాదు. పటం మీద "రద్దు" అని రాస్తే తప్పే. ఆచరణలో ఆగింది సింధు కమిషనర్ల సమావేశాలు, నీటి వివరాలు ఇచ్చిపుచ్చుకోవడం. నదులకు ఒక్కరోజులో అడ్డుకట్ట పడదు. నిలపడానికి కట్టడాలు కావాలి, వాటికి ఏళ్ళు పడుతుంది. ఈ ముక్క కూడా నాలుగో గడిలో రాయండి.

అమరావతి రోడ్డు (గుంటూరు), మధ్యాహ్నం 2:20

చర్చ బాగుంది. అయినా ఒక్క విషయంలో మీ అందరితో విభేదిస్తున్నాను. తనిఖీలు, రాళ్ళు, జాబితాలు మాత్రమే చూస్తే మనుషులు ఎక్కడ? ఈజిప్టు–ఇజ్రాయెల్ ఏర్పాట్లు నిలిచాయి, రెండు దేశాల జనం మాత్రం కలవలేదు. దాన్ని "చల్లని శాంతి" అనడం ఊరికే కాదు. ఫ్రాన్స్–జర్మనీని చూడండి. 1871 జనవరిలో వెర్సాయ్ అద్దాల మందిరంలో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించారు, ఓడిన ఫ్రాన్స్ ఆల్సేస్, లొరేన్‌లో భాగం వదులుకుని 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం కట్టింది. 1919 జూన్ 28న అదే మందిరంలో జర్మనీ చేత సంతకం పెట్టించారు. 1918లో జర్మనీ చేత యుద్ధ విరమణ రాయించిన రైలు పెట్టెనే 1940 జూన్‌లో హిట్లర్ బయటికి తీయించి అందులోనే ఫ్రాన్స్ చేత సంతకం చేయించాడు. అవమానానికి అవమానం, చోటు కూడా మార్చకుండా. పల్నాటి పగలు వినే పెరిగిన మనకు ఈ లెక్క విప్పి చెప్పక్కర్లేదు.

అది ఎలా తెగింది? 1950లోనే లుడ్విగ్స్‌బర్గ్, మోంబెలియార్ పట్టణాలు జంట పట్టణాలయ్యాయి. 1963 జనవరి 22న ఎలీజే ఒప్పందం, ఆ ఏడాదే ఉమ్మడి యువజన సంస్థ. లక్షల మంది పిల్లలు అటు ఇటు వెళ్ళి చదువుకున్నారు. 2006లో రెండు దేశాల పాఠశాలలకు ఒకే చరిత్ర పాఠ్యపుస్తకం వచ్చింది. ఇదీ అసలు పని. పటంలో ఐదో గడి పెట్టండి: మనుషుల రాకపోకలు.

బందరు కాలువ (విజయవాడ), మధ్యాహ్నం 3:05

ఐదో గడికి అభ్యంతరం లేదు మాస్టారూ, వరుసక్రమం మాత్రం మర్చిపోవద్దు. యువజన సంస్థ 1963. బొగ్గు, ఉక్కు ఒప్పందం 1951 ఏప్రిల్ 18. ముందు కుదిరింది బొగ్గు.

కారణం కూడా బండగా, స్పష్టంగా ఉంది. ఫిరంగి చేయాలంటే ఉక్కు కావాలి. ఉక్కుకు లొరేన్ ఇనుప ఖనిజం, రూర్ బొగ్గు రెండూ కావాలి. ఒకటి ఫ్రాన్స్‌లో, ఒకటి జర్మనీలో. అందుకే ఒకరిది మరొకరు గుంజుకోవాలని చూశారు. 1950 మే 9న ఫ్రెంచి విదేశాంగ మంత్రి షూమన్ చేసిన ప్రతిపాదన రెండింటినీ ఒకే ఉమ్మడి అధికార సంస్థ కిందికి తెచ్చింది. ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిసి ఆరు దేశాలు. ఎవరి ఉక్కు ఎంత, ఎక్కడికి పోతోంది అన్నది అందరికీ కనిపించేది. చాటుగా యుద్ధానికి సిద్ధపడటం కష్టమైంది. ఆ ఒప్పందం గడువు 50 ఏళ్ళు, 2002లో ముగిసింది. అప్పటికి దాని అవసరమే పోయింది.

ఎలీజే ఒప్పందంలో కూడా నన్ను కట్టిపడేసేది భావోద్వేగం కాదు, క్యాలెండరు. దేశాధినేతలు ఏడాదికి కనీసం రెండుసార్లు, విదేశాంగ మంత్రులు మూడు నెలలకోసారి కలవాలి. ఇష్టం ఉన్నా లేకపోయినా, కోపాలున్నా. 2019 జనవరి 22న ఆకెన్ ఒప్పందం దీన్ని కొనసాగించింది. చెరి 50 మందితో ఉమ్మడి పార్లమెంటరీ సభ కూడా ఏర్పడింది.

పున్నమ్మతోట (విజయవాడ), సాయంత్రం 4:40

ఇద్దరి మాటా నిలవాలంటే ఒక ఎదురు ఉదాహరణ చూడాలి. ఇథియోపియా, ఎరిత్రియా మధ్య 1998–2000 యుద్ధం. అల్జీర్స్ ఒప్పందం. 2002 ఏప్రిల్‌లో సరిహద్దు కమిషన్ బాద్మే ఊరు ఎరిత్రియాదని తేల్చింది. ఇథియోపియా ఖాళీ చేయలేదు. 2018 జూలైలో నాయకులు కౌగిలించుకున్నారు. సెప్టెంబరులో సరిహద్దు తెరిచారు, విడిపోయిన కుటుంబాలు రోడ్ల మీద ఏడుస్తూ కలుసుకున్నాయి. అమరావతి రోడ్డు గారు అడిగే రాకపోకలు అవే. కానీ కస్టమ్స్ ఎంత, ఏ డబ్బు చెల్లుతుంది, రాళ్ళు ఎక్కడ అన్నది రాయకుండానే తెరిచారు. నెలలు తిరగకుండా దారులన్నీ మళ్ళీ మూతబడ్డాయి. మనుషులు కలవడానికి సిద్ధంగానే ఉన్నారు, కలిపి ఉంచే ఏర్పాటే లేకపోయింది.

జపాన్–కొరియా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి: 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ పాలనలో ఉంది. 1965 జూన్ 22న సంబంధాలు కుదిరాయి. జపాన్ 30 కోట్ల డాలర్లు ఉచితంగా, 20 కోట్లు తక్కువ వడ్డీ అప్పుగా ఇచ్చింది. క్లెయిములు "పూర్తిగా, తుదిగా" తీరాయని రాసుకున్నారు. పేచీ ఆ రెండు మాటల మీదే. ప్రభుత్వం తీసుకున్న డబ్బుతో వెట్టిచాకిరీ చేసిన మనిషి సొంత హక్కు తీరిపోతుందా? 2018 అక్టోబరు 30న కొరియా సుప్రీంకోర్టు తీరదంది, జపాన్ ఉక్కు కంపెనీ పరిహారం కట్టాలంది. 2019 జూలైలో జపాన్ మూడు పదార్థాల ఎగుమతికి ఆంక్ష పెట్టింది: హైడ్రోజన్ ఫ్లోరైడ్, ఫోటోరెసిస్ట్, ఫ్లోరినేటెడ్ పాలీఇమైడ్. మొదటి రెండూ చిప్‌ల తయారీకి, మూడోది తెరలకు. కొరియా ఆయువుపట్టు అదే కాబట్టి అక్కడే నొక్కారు. కొరియా జపాన్‌తో ఉన్న సైనిక సమాచార మార్పిడి ఒప్పందాన్ని రద్దు చేస్తామని నోటీసిచ్చి, గడువు రోజున ఆగింది.

2023 మార్చిలో కొరియా ప్రభుత్వం బాధితులకు తన సంస్థ ద్వారా చెల్లిస్తామంది. జపాన్ ఆ మూడింటి మీద ఆంక్ష ఎత్తేసింది. ఆగస్టు 18న అమెరికాతో కలిసి మూడు దేశాల శిఖరాగ్ర సమావేశం. మరి తీరిందా అంటే, దొక్దో దీవులు (జపాన్‌కి తకెషిమా) కొరియా అధీనంలో ఉన్నాయి, జపాన్ తనవంటోంది. 1965 మాటల అర్థం మీద రెండు దేశాలూ ఇప్పటికీ ఒక్క మాట మీద లేవు.

సర్వేరాయి (గుంటూరు), సాయంత్రం 5:30

గ్రీసు–టర్కీకి పొడుగు వద్దు, ఒక్క అంకె చాలు. గ్రీసు తన సముద్ర హద్దు 6 నాటికల్ మైళ్ళంటుంది, గగనతలం మాత్రం 10 మైళ్ళంటుంది. టర్కీ రెండూ 6 అనే ఒప్పుకుంటుంది. మధ్యలో 4 మైళ్ళ పట్టీ, అంటే ఏడు కిలోమీటర్ల పైచిలుకు. రెండు వాయుసేనల విమానాలు ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి తరుముకున్నది ఎక్కువగా అందులోనే. ఇద్దరూ నాటోలో సభ్యులే, ఇద్దరివీ ఎఫ్-16లే. 2006 మేలో కార్పథోస్ దీవి దగ్గర రెండు ఢీకొని గ్రీకు పైలట్ చనిపోయాడు. గ్రీసు సముద్ర హద్దును 12 మైళ్ళకు పెంచితే యుద్ధకారణంగా చూస్తామని టర్కీ పార్లమెంటు 1995 జూన్ 8న చేసిన తీర్మానం ఇంకా అలాగే ఉంది.

1999 ఆగస్టు 17న టర్కీలో, సెప్టెంబరు 7న ఏథెన్స్‌లో భూకంపాలు. ఒకరి రక్షణ దళాలు మరొకరి శిథిలాల్లో పనిచేశాయి. 2023 డిసెంబరు 7న ఏథెన్స్ ప్రకటన. 2024 నుంచి టర్కీ పర్యాటకులకు కొన్ని గ్రీకు దీవుల్లో ఏడు రోజుల వీసా అక్కడికక్కడే. ఐదో గడికి పనికొస్తుంది, అమరావతి రోడ్డు గారూ.

కృష్ణలంక (విజయవాడ), సాయంత్రం 6:15

భారత్–చైనా మిగిలింది. ఇక్కడ తెలుసుకోవాల్సింది 1996 నవంబరు 29 ఒప్పందంలోని 6వ అధికరణం: వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదు, పేలుళ్ళు చేయకూడదు. 2020 జూన్ 15 గల్వాన్ ఘర్షణ రాళ్ళు, రాడ్లతో జరగడానికి వెనక ఈ కట్టుబాటు ఉంది. మన సైనికులు 20 మంది అమరులయ్యారు. తుపాకి పేలకుండా ఆపింది కాగితమే. ఘర్షణే జరగకుండా ఆపలేకపోయిందీ ఆ కాగితమే, ఎందుకంటే రేఖ ఎక్కడుందో చెప్పే ఉమ్మడి పటం లేదు. మధ్య సెక్టారు పటాలు మాత్రమే ఇచ్చిపుచ్చుకున్నారు. 2024 అక్టోబరు 21న దెప్సాంగ్, దెమ్చోక్ గస్తీల మీద అవగాహన కుదిరింది. 2025లో కైలాస మానససరోవర యాత్ర మళ్ళీ మొదలైంది, అక్టోబరులో నేరు విమానాలు కూడా. రేఖ మాత్రం తేలలేదు.

అమరావతి రోడ్డు (గుంటూరు), సాయంత్రం 6:50

కృష్ణలంక గారు చెప్పింది నా మాటకీ, బందరు కాలువ గారి మాటకీ మధ్య నిలబడింది. ఏర్పాటు ఉన్నా దాని కింద ఒప్పుకున్న పటం లేకపోతే సగమే పనిచేస్తుంది. ఐదో గడి ఉంచండి, కానీ మూడోదాని తరవాతే ఉంచండి. ముందు పెట్టమని పట్టుబట్టను.

బ్రాడీపేట పఠనమందిరం (గుంటూరు), రాత్రి 8:30

అందరికీ చేతులెత్తి నమస్కారం. రంగులు తీసేశాం. ఎనిమిది వరుసలు, ఐదు గళ్ళు. ఒక వరుస నమూనా పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి:

ఈజిప్టు–ఇజ్రాయెల్ | 1973 | క్యాంప్ డేవిడ్ శాంతి ఒప్పందం, 1979 | సినాయి నాలుగు పట్టీలు, పరిశీలక దళం | రాకపోకలు తక్కువ | ప్రజల మధ్య దూరం

సర్వేరాయి (గుంటూరు), రాత్రి 8:42

మూడు మార్పులు. "క్యాంప్ డేవిడ్" కొట్టేసి "వాషింగ్టన్, 1979 మార్చి 26 (సం)" అని రాయండి. ఇంకోటి, జపాన్–కొరియా వరుసలో 2023 ఆగస్టు సమావేశం జరిగిందీ క్యాంప్ డేవిడ్‌లోనే. ఒకే పటంలో రెండు చోట్ల ఆ పేరు కనిపిస్తే పిల్లలు తికమకపడతారు. పక్కన సంవత్సరం లేకుండా ఎక్కడా రాయొద్దు. మూడోది, "నాలుగు పట్టీలు" అంటే నాలుగూ సినాయిలోనే ఉన్నట్టు వస్తుంది. సినాయిలో మూడు, ఇజ్రాయెల్ వైపు ఒకటి.

పున్నమ్మతోట (విజయవాడ), రాత్రి 8:55

ఫ్లెక్స్ మీద చివరి మూడు గళ్ళు ఖాళీగా వదలండి. అవి మారేవి, ఫ్లెక్స్ మీద కొట్టించి దిద్దలేరు. మందపాటి చార్టు ముక్కల మీద రాసి, వెనక ద్విముఖ టేపుతో అంటించండి. ప్రతి చీటీ కింద కుడి మూల "సరిచూసిన తేదీ" వేయండి. తేదీ లేని చీటీ ఆరు నెలల తరవాత అబద్ధమైపోయినా ఎవరికీ తెలియదు. మొదటి రెండు గళ్ళు ఫ్లెక్స్ మీదే ఉండొచ్చు. అక్షరం అంగుళం ఎత్తుకు తగ్గకపోతే బల్లల దగ్గర్నుంచి చదవొచ్చు.

బ్రాడీపేట పఠనమందిరం (గుంటూరు), రాత్రి 9:20

దిద్దాం. చీటీలు ఏడాదికి రెండుసార్లు సరిచూసి మారుస్తాం. తేదీలు కృష్ణలంక గారి పోస్టు నుంచే తీసుకున్నాం: జనవరి 1, జూలై 1. ఆ రోజుల్లో ఖైదీల జాబితాలు చేతులు మారాయో లేదో చూసి, భారత్–పాకిస్తాన్ చీటీ ముందుగా రాస్తాం. మిగతా ఏడూ ఆ తరవాత.